నాలుగు బంట్లు, మూడు బంట్లు

నాకన్నా 200 పాయింట్లు తక్కువ రేటింగ్ ఉన్న ఒకాయనతో ఆడుతున్న ఆట మొన్న డ్రా అయింది. ఉత్తరాల చదరంగం. పేరుకే ఉత్తరాలు, ఎత్తులన్నీ ఇప్పుడు సర్వర్ మీదే. చెస్ పిచ్చి ఉన్న మిత్రుడికి చెబితే, ‘అయ్యో, పాయింట్లు పోయాయే!’ అని పరామర్శించాడు.

పోయిన మాట నిజమే. ఆర్పాడ్ ఎలో సూత్రం ప్రకారం 200 తేడా ఉంటే పైవాడికి ఆటకు సగటున 0.76 పాయింటు రావాలి. నాకొచ్చింది అర. కానీ ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో చేపట్టిన ఆ లెక్క ఎదురెదురుగా కూర్చుని, గడియారం తరుముతుంటే నాలుగో గంటలో తడబడేవాళ్ల కోసం పుట్టింది. మా ఆటలో ఒక్క ఎత్తుకు రోజులు తీసుకోవచ్చు. పైగా అంతర్జాతీయ ఉత్తరాల చదరంగ సమాఖ్య (ఐసీసీఎఫ్) పోటీల్లో కంప్యూటర్ ఇంజిన్ వాడుకోవడం దొంగతనం కాదు, నియమాలు ఒప్పుకున్నదే. ఇద్దరి దగ్గరా అదే స్టాక్‌ఫిష్. ఇక ఆ 200 ఏం చేసుకోను?

ఇంజిన్లే డ్రాలతో ఆటను పాడుచేశాయంటాడు మిత్రుడు. కానీ లండన్, ఎడిన్‌బరా క్లబ్బులు 1824 నుంచి 1828 దాకా ఉత్తరాల్లో ఐదాటలు ఆడితే అందులోనూ రెండు డ్రాలే.

మా ఆట సంగతికొస్తే, చివరికి నాకు ఏనుగు, నాలుగు బంట్లు. ఆయనకు ఏనుగు, మూడు బంట్లు. బంట్లన్నీ రాజు వైపే. ఇంజిన్ నాదే పైచేయి అంటోంది. అయినా సరిగ్గా కాచుకుంటే ఇది డ్రా అని ఎండ్‌గేమ్ చదివినవాళ్లందరికీ తెలుసు. నాకున్న ఆశల్లా జీ4 తోసి ఆయన హెచ్ బంటును కట్టేయడం. అందుకు వీలు చూసుకుంటుండగానే ఆయన హెచ్5 వేసేశాడు. ఎఫ్7, జీ6, హెచ్5, మూడు బంట్లూ మెట్ల వరసలో నిలిచాయి. ఆ క్షణాన నా స్క్రీన్ మీద దానికి సరిసమానంగా ఇంకో నాలుగెత్తులు కనబడుతున్నాయి. ఆయనకూ కనబడే ఉంటాయి. అందులోంచి దాన్నే ఏరుకున్నాడంటే మనిషి చదువుకున్నాడన్నమాట. ఆ ఎత్తు చూసి కాసేపు కుర్చీలోంచి లేవలేదు నేను.

ఇంకా లాగొచ్చు. రెండు జతల బంట్లు మారితే బోర్డు మీద ఏడు పావులు మిగులుతాయి, ఏడుకు, ముందే లెక్కగట్టిపెట్టిన టేబుల్‌బేస్‌లో తీర్పు సిద్ధంగా ఉంది. అవతలివాడు గడువు మరిచిపోతాడేమోనని నెలల తరబడి లాగేవాళ్లూ ఉన్నారు. నాకది అసహ్యం. మొగ్గున్నవాడే డ్రా అడగడం మర్యాద గనక నేనే అడిగాను. ఆయన ఒప్పుకుంటూ, ‘ఇంకో ఆట?’ అన్నాడు.

ఈసారి తెల్లపావులు ఆయనవి. ఈ4 వచ్చేసింది. బెర్లిన్ డిఫెన్స్ మాత్రం ఆడను, అందులో డ్రా మరీ తేలిక.