తేదీ వేసిన సలహా

ఉప్పల్, నాచారం వైపు నుంచి లా విద్యార్థులు ఇంటర్న్‌షిప్‌కు వచ్చినా, ఎన్‌రోల్ అయ్యాక జూనియర్లుగా చేరినా ముందు అడిగేది ఒకటే: "ఏ పుస్తకం చదవాలి సార్?" పుస్తకం పేరు చెప్పడం తేలిక. అది దుకాణంలో దొరుకుతుంది. దొరకనివి సీనియర్లు కోర్టు వరండాలో నడుస్తూ అనేసే మాటలు. వాటిని నోట్‌బుక్కులో రాసుకోవడం, అడిగినవాళ్లకు ఇవ్వడం నాకు అలవాటు. రాసేటప్పుడు ప్రతి సలహా పక్కనా కారణం, తేదీ వేస్తాను.

కారణం ఎందుకంటారా? "తీర్పు వచ్చిన రోజే కాపీకి అప్లికేషన్ పడెయ్" అని ప్రతి సీనియరూ చెబుతారు. సివిల్ అప్పీలుకు గడువు జిల్లా కోర్టులో 30 రోజులు, హైకోర్టులో 90 రోజులు. కాపీ తయారవడానికి పట్టే కాలాన్ని లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ఆ గడువులోంచి మినహాయిస్తుంది. అప్లికేషన్ వేయకుండా మనం జాగు చేసిన రోజులకు మాత్రం మినహాయింపు లేదు. ఈ సంగతి తెలిసిన జూనియర్‌కు రెండోసారి చెప్పక్కర్లేదు.

తేదీ సంగతి చెక్ బౌన్స్ కేసుల్లో బాగా తెలుస్తుంది. నాచారం పారిశ్రామికవాడలో చిన్న యూనిట్లకు ఈ కేసులు కొత్త కాదు. పాత నోట్సు తిరగేస్తే నోటీసుకు 15 రోజులే అని ఉంటుంది. 2003 ఫిబ్రవరి నుంచి అది 30 రోజులు. చెక్కుకు ఆరు నెలల చెల్లుబాటు అని ఉంటుంది. 2012 ఏప్రిల్ నుంచి మూడు నెలలే. కేసు ఎక్కడ వేయాలన్నది ఇంకా చిక్కు. చెక్కు ఇచ్చినవాడి బ్యాంకు ఉన్నచోటే వేయాలని 2014లో దశరథ్ రాథోడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ముంబై పార్టీ చెక్కు తిరిగొస్తే నాచారం యజమాని ముంబై కోర్టు మెట్లెక్కాలి. 2015లో చట్టాన్ని సవరించారు. చెక్కు మన ఖాతాలో వేసి ఉంటే, ఆ ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టులోనే కేసు వేయొచ్చు. ఈ సలహాలన్నీ తమ కాలానికి సరైనవే. తేదీ చూడకుండా పాటిస్తే మాత్రం కక్షిదారు నష్టపోతాడు.

ఉప్పల్ ప్లాట్ల కాగితాలకైతే తేదీ లేనిదే పని జరగదు. ఒకే స్థలం 1978 ముందు దస్తావేజులో హైదరాబాద్ జిల్లా, ఆ తర్వాత రంగారెడ్డి, 2016 అక్టోబరు 11 నుంచి మేడ్చల్-మల్కాజిగిరి. ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసింది. దావా షెడ్యూల్‌లో పాత పేరూ కొత్త పేరూ రెండూ రాయమని జూనియర్లకు చెబుతాను. రాయకపోతే ఎదుటి లాయరు క్రాస్‌లో అసలు ఆ స్థలం ఇదేనా అన్న దగ్గరే మొదలుపెడతారు.

కొత్తగా బార్‌లోకి వచ్చేవాళ్లకు తేదీ వేసిన మాటలు ఇంకో రెండు. ఎన్‌రోల్‌మెంట్‌కు వేలకు వేలు సిద్ధం చేసుకోవాలన్నది పాత మాట. జనరల్ అభ్యర్థులకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది అక్టోబరులో జూనియర్లకు నగరాల్లో నెలకు కనీసం 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. అది సూచనే, ఆదేశం కాదు. అందుకని చేరేముందే సీనియర్‌తో మొహమాటం లేకుండా మాట్లాడుకోవడం మంచిది.

నోట్‌బుక్కులో కక్షిదారు పేరు గానీ, ఆనవాలు గానీ ఉండకూడదు. లాయరుకు చెప్పుకున్న రహస్యానికి సాక్ష్య చట్టంలోనే రక్షణ ఉంది. సలహా అందరికీ పంచవచ్చు, అది పుట్టిన కేసును పంచకూడదు.

కాలం చెల్లిన సలహాను చించెయ్యొచ్చు కదా అని జూనియర్లు అడుగుతుంటారు. "482 వేయండి" అంటే ఒకప్పుడు హైకోర్టులో క్వాష్ పిటిషన్. 2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాక 482వ సెక్షన్ ముందస్తు బెయిల్‌ది, క్వాష్ 528కి వెళ్లింది. కానీ 2023లో జరిగిన నేరానికి ఇవాళ్టికీ ఐపీసీనే వర్తిస్తుంది. అలాంటి కేసులు కోర్టుల్లో ఇంకా ఏళ్ల తరబడి నడుస్తాయి. కాబట్టి పాత సలహా మీద గీత కొట్టి పక్కన సంవత్సరం రాయండి. గీత కింద అక్షరాలు మాత్రం చదవడానికి వీలుగా ఉండాలి.