పొద్దున సీసా, రాత్రి ట్యూబు

పొద్దున్నే మొహం కడుక్కుని, తడి పూర్తిగా ఆరాక, ముదురు రంగు సీసాలోంచి నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని ముందు రంగు చూస్తాను. విటమిన్ సి సీరమ్ తేటగా, మహా అయితే లేత గడ్డి రంగులో ఉండాలి. పల్చటి టీ డికాషన్‌లా కనిపిస్తే గాలి, వెలుతురు సోకి దాని పని అయిపోయినట్టే. నా మొదటి సీసా బాత్రూం కిటికీ గట్టు మీద అలాగే పాడైంది. ఇప్పటి సీసా ఫ్రిజ్‌లో, పచ్చళ్ల వెనకాల ఉంటోంది.

అమ్మకి ఈ ఖర్చు నచ్చదు. "నిమ్మచెక్క రుద్దుకుంటే పోయేదానికి సీసాలెందుకే?" అంటుంది. సున్నిపిండి విషయంలో అమ్మ మాట ఎప్పుడూ కాదనలేదు. నిమ్మచెక్క దగ్గర మాత్రం ఒప్పుకోను. వంద గ్రాముల నిమ్మరసంలో విటమిన్ సి 50 మిల్లీగ్రాములు కూడా ఉండదు. అంటే అర శాతంలో పదో వంతు. సీరమ్‌లో 10 నుంచి 20 శాతం ఉంటుంది. నిమ్మరసంలో ఎక్కువగా ఉండేది సిట్రిక్ యాసిడ్. అది రాసుకుని ఎండలోకి వెళితే మచ్చ తగ్గకపోగా కొత్తది పడొచ్చు. సీరమ్ తయారీ కూడా తేలిక కాదు. ఆమ్లగుణం తగినంత ఉంటేనే, అంటే పీహెచ్ 3.5 కన్నా తక్కువగా ఉంటేనే, విటమిన్ సి చర్మంలోకి దిగుతుందని అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీకి చెందిన షెల్డన్ పిన్నెల్ బృందం 2001లో చూపించింది. సన్‌స్క్రీన్‌ని దాటి వచ్చిన ఎండ చర్మంలో చేసే చెరుపుని అది కొంత ఆపుతుంది. అందుకే పొద్దున పూట వాడకం. పైన సన్‌స్క్రీన్ తప్పదు, రెండు వేళ్ల పొడవునా.

రాత్రి ట్యూబులో ఉండేది రెటినాల్. వెలుతురుకి అది నిలవదు. చర్మంలోకి వెళ్లాక రెండు మెట్లలో రెటినాయిక్ యాసిడ్‌గా మారి అప్పుడు పనిచేస్తుంది. ఆ యాసిడ్‌నే పెన్సిల్వేనియా యూనివర్సిటీ డాక్టరు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ మొటిమలకు వాడి 1969లో ఫలితాలు ప్రకటించాడు. ఎండకు ముడతలు పడిన చర్మం కూడా దానితో బాగుపడుతుందని 1986లో రాశాడు. రెటినాల్ రాత్రికి బఠాణీ గింజంత చాలు, మొహమంతటికీ. నేను మొదట్లో ఆత్రపడి రోజూ రాశాను. పదోరోజుకి ముక్కు పక్కన, పెదాల చివర పొలుసులు లేచాయి. పొయ్యి మీద చారు ఆవిరి తగిలినా భగ్గుమనేది. రెండు వారాలు మానేసి, మళ్లీ వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టాను. మూడు నెలలు దాటాక గానీ అద్దంలో తేడా కనిపించలేదు. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. ఇంత ముఖ్యమైన మాట డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటోంది.

ఇదంతా రాయడానికి కారణం మా పిన్ని కూతురు. బుగ్గల మీద మంగు వచ్చిందని మందుల షాపుకి వెళితే "పది రోజుల్లో తెల్లబడతావమ్మా" అని చేతిలో ఒక ట్యూబు పెట్టారు. అందులో రెటినాయిక్ యాసిడ్, హైడ్రోక్వినోన్, వాటితో పాటు స్టెరాయిడ్. డాక్టరు చూసి, కొద్ది వారాలకే రాసివ్వాల్సిన మందది. చీటీ లేకుండా అమ్మకూడదు. మా పిల్ల మాత్రం ఏడాదిన్నర రాసుకుంది. మొదట మొహం నిజంగానే తేటపడింది. తర్వాత మానిన ప్రతిసారీ ఎర్రగా కంది మండిపోయేది. బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు దారపు పోగుల్లా తేలాయి, చెంపల పక్కన నూగు పెరిగింది. అది మోసపోయిందని నేననను. నమ్మి అడిగిన మనిషికి చీటీ అడగకుండా, మాట చెప్పకుండా మందు ఇచ్చినవాళ్లదే తప్పు.

ఇప్పుడు చర్మ డాక్టరు దగ్గర చూపించుకుంటోంది. సబ్బు కూడా మాన్పించి, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రం ఉంచారు. ప్రతి ఆదివారం కిటికీ దగ్గర నిలబడి ఫోటో తీసి నాకు పంపుతుంది. మొన్నటి ఫోటోలో ఎడమ బుగ్గ ఎరుపు బాగా తగ్గింది. కింద మెసేజ్: "అక్కా, నువ్వు రాసుకునేవి నేనెప్పుడు మొదలుపెట్టొచ్చు?"

"ఇంకా వద్దు తల్లీ, డాక్టరుగారు చెప్పనీ" అని రాశాను.