మడుగులోని రారాజు

కురుక్షేత్రమున పదకొండు అక్షౌహిణుల సేన నశించిన పిమ్మట దుర్యోధనుడు గద చేబూని మడుగు సొచ్చెను. ఈ ఒక్క చేష్టను బట్టి అతనిని పిరికిపంద యని నవ్వువారు కొందరు. 1977లో వెలువడిన 'దానవీరశూరకర్ణ' చిత్రమున నందమూరి తారక రామారావుగారు ధరించిన సుయోధన పాత్రను చూచి, అతనిని మహావీరుడని మెచ్చువారు కొందరు. ఈ రెండు తీర్పులును తొందరపాటువే యని మా అభిప్రాయము.

ఈ విషయమును విచారించుటకు బీదరు తెలుగువారికి ఒక సౌకర్యము గలదు. 1956లో పాత బీదరు జిల్లా మూడు రాష్ట్రములకు పంచబడినప్పుడు మన భాగము కన్నడసీమలో చేరినది. ఇంట తిక్కన, ఇరుగున రన్నకవి మనకు లభించిరి. 10వ శతాబ్దివాడైన రన్నడు చాళుక్యుల యాస్థానకవి. ఆ వంశమువారే తరువాత మన జిల్లాలోని కల్యాణమును రాజధానిగా చేసికొనిరి. తన ప్రభువైన సత్యాశ్రయుని భీమునితో పోల్చి రన్నడు 'సాహసభీమ విజయము' రచించెను. 'గదాయుద్ధ'మని దానికే ప్రసిద్ధి. 13వ శతాబ్దివాడైన తిక్కన ఈ కథను శల్యపర్వమున చెప్పెను.

రన్నని నాయకుడు భీముడు. అయినను ప్రతినాయకుని కించపరచి నాయకుని పెంచు చౌకబారు పని ఆ కవి చేయలేదు. అతని దుర్యోధనుడు రణభూమిలో తిరుగుచు, శత్రువు కొడుకైన అభిమన్యుని కళేబరమును చూచి, అట్టి మరణమే తనకును కలుగవలెనని కోరును. నీటిలో నుండియు భీముని కేక విని అతనికి చెమట పట్టినదను కల్పన కన్నడమున మిక్కిలి ప్రసిద్ధము. అది భయముచేత పట్టిన చెమట కాదు. కోపముతో కన్నులెఱ్ఱబడెనని కవియే చెప్పినాడు.

ఇక భారతకథను చూతము. మా యేవురిలో ఒక్కని గెలిచినను రాజ్యము నీదేయని ధర్మరాజు పలికెను. ఆ మాటకు కృష్ణుడు అతనిని మందలించెను. నకులునో సహదేవునో కోరి గెలుచుట దుర్యోధనునకు సులభము. అతడట్లు కోరలేదు, భీమునకే ఎదురు నిలిచెను. ఆ గడియలో అతడు పిరికివాడు కాడు. తొడపై కొట్టి నియమము తప్పినవాడు, పడినవాని తల తన్ని అన్నచే చీవాట్లు తిన్నవాడు భీముడే.

మఱి దుర్యోధనుని పిరికితనమెచ్చట నున్నది? మడుగులో కాదు, కొలువుకూటమున. తన బదులు శకునిచే జూదమాడించుట, ద్రౌపదిని సభకీడ్పించి తొడ చూపుట, ఇవి ఎదురుదెబ్బ రాదను ధీమాతో చేసిన పనులు. ఎదిరింపలేనివారిపై చూపునది బలము కాదు. సమానుని ఎదుట నిలుచుటయే బలము. కడపట దెబ్బ ఆ తొడకే తగులుట ఊరక కూర్చిన సంగతి కాదు.

శత్రువులోని శౌర్యమును చూడ రన్నడు నేర్పును. ఆ శూరుడే చేసిన తప్పును తిక్కన మరువనీయడు. మన పిల్లలు బడిలో కన్నడము నేర్తురు. ఇంట తెలుగు చదివించు భారము మనది. ఒక్కటియే చదివినవారికి సగము తీర్పే దక్కును.