విశాఖ ఉక్కపోతలో చల్లనీటి చేపలు

గోల్డ్‌ఫిష్ ఒంటికి పడే నీళ్ళు 18 నుంచి 24 డిగ్రీల మధ్యవి. విశాఖలో అలాంటి నీళ్ళు సంక్రాంతికి అటూ ఇటూ కొన్ని వారాలే దొరుకుతాయి. రోహిణి కార్తె వచ్చేసరికి మేడమీది ఇళ్ళలో తొట్టి నీళ్ళు 30 దాటుతాయి. అయినా కొత్తగా అక్వేరియం పెట్టేవాళ్ళలో చాలామంది మొదట మనసు పడేది ఈ చేపమీదే. ఇది వేడికి వెంటనే చావదు. అసలు ప్రాణాపాయం వేడి వెంట వచ్చే ఊపిరాడనితనం.

20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. సరిగ్గా అప్పుడే చేప ఒంట్లో పనులు వేగం పుంజుకుని ఆక్సిజన్ ఎక్కువ కావాల్సి వస్తుంది. అందుకే ఈ ఊళ్ళో చేపను ఎంచుకునే ముందు తొట్టిని ఎంచుకోవాలి. గాలి నీటిలో కలిసేది పైతలంలోనే కాబట్టి లోతుకన్నా వెడల్పు ముఖ్యం. సాంగ్ రాజుల కాలం నుంచి చైనాలో ఈ చేపలను కొలనుల్లో, తరవాత వెడల్పాటి మట్టి గోలేల్లో పెంచి, పైనుంచి చూసి ఆనందించేవారు. ఆ పద్ధతిలో అందమూ ఉంది, చేపకు గాలీ ఉంది. మూతి సన్నటి గుండ్రటి గాజు గిన్నెలో ఆ రెండూ లేవు. దాన్ని బహుమతిగా ఇచ్చే అలవాటు పోవాలని గట్టిగా కోరుకుంటాను.

మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు తొట్టిలో 85 లీటర్ల దాకా పడతాయి. అందులో రెండు చేపలు చాలు. గట్టి పిండం ఒంటితోక కామెట్‌ది, షుబుంకిన్‌ది. కాని అవి అడుగు దాకా పెరుగుతాయి. పెరట్లో నీడపట్టున పెద్ద సిమెంటు తొట్టి ఉన్నవాళ్ళకే అవి తగినవి. అక్కడ దోమ లార్వాలనూ తినిపెడతాయి. గాజుతొట్టికి ర్యూకిన్, బ్లాక్ మూర్ నయం. తలమీద కండ పెరిగే ఒరాండా చూడముచ్చటైనదే గాని, ఉబ్బిన పొట్టలో పేగులు, గాలితిత్తి ఇరుకున పడి ఉండటంవల్ల ఎండాకాలం త్వరగా డీలాపడుతుంది. చోటు బొత్తిగా లేనివాళ్ళకు నా సలహా జీబ్రా డేనియోల చిన్న గుంపు. మన దేశపు వాగుల చేప అది, చలినీ ఎండనూ ఓర్చుకుంటుంది. చైనా కొండవాగుల వైట్ క్లౌడ్ చేపకు మాత్రం మన మే నెల పడదు.

కొనేటప్పుడు రెక్కలు విప్పుకుని ఈదేదాన్ని ఏరుకోవాలి. నీటిపైకి వచ్చి నోరు తెరుస్తున్నదాన్ని, ఒంటిమీద ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలున్నదాన్ని, అదున్న తొట్టిలోని మిగతావాటినీ వదిలెయ్యాలి.

నీళ్ళ సంగతి. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ మొప్పలను కాలుస్తుంది. బకెట్లో పట్టి గాలిమోటారు వేసి ఒకరోజు ఉంచడమో, థయోసల్ఫేట్ చుక్కలు వెయ్యడమో చెయ్యాలి. సముద్రం దగ్గరి బోరునీళ్ళు ఉప్పగా ఉంటే వాటి జోలికి పోవద్దు. పోర్టు పక్క పాతపట్నం ఇళ్ళలో కిటికీ పట్టెలమీద పేరుకునే నల్లధూళి తొట్టిలోనూ పడుతుంది. గాలి ఆడే సందు వదిలి మూత వెయ్యాలి.

చేప విసర్జించే అమ్మోనియా విషం. ఫిల్టర్ స్పాంజిలో కాపురముండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తరవాత అంతగా హాని చెయ్యని నైట్రేట్‌గా మారుస్తుంది. అది నిలదొక్కుకోవడానికి నెల పైనే పట్టవచ్చు. ఆ స్పాంజిని కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి. వారానికి పావువంతు నీళ్ళు మార్చడం మానకూడదు. వేడెక్కినకొద్దీ అమ్మోనియా విషం పదునెక్కుతుంది కాబట్టి ఎండాకాలం మేత సగానికి తగ్గించాలి. గోల్డ్‌ఫిష్‌కు జీర్ణకోశం ఉండదు, ఎంత వేస్తే అంతా తింటూనే ఉంటుంది.

నీటిమీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరై చల్లబడుతుంది. పొడిగాలి వీచే హైదరాబాద్‌లో అది బాగా పనిచేస్తుంది. సముద్రపు తేమవల్ల విశాఖలో దక్కేది కొద్దిపాటి తేడాయే, అయినా దాన్ని వదులుకోకూడదు. ఐసుగడ్డలు మాత్రం వద్దు; వేడి ఉన్నట్టుండి దిగితే చేప తట్టుకోలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డాక నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. గాలిమోటారు ఆగిపోయినప్పుడు పలచగా చేపలున్న తొట్టికి గడువు దొరుకుతుంది, కిక్కిరిసినదానికి ఒక రాత్రి కూడా గడవకపోవచ్చు. తుపాను హెచ్చరిక రాగానే బ్యాటరీ పంపు సిద్ధం చేసుకోవాలి. అదీ లేకపోతే మేత ఆపేసి, గంటకోసారి చెంబుతో నీళ్ళు ముంచి ఎత్తునుంచి పోస్తూ ఉండాలి. కరెంటు వచ్చాక ఫిల్టర్‌ను అలాగే ఆన్ చెయ్యకూడదు, గంటల తరబడి ఆగినదాంట్లో కుళ్ళు చేరుతుంది. ముందు విప్పి శుభ్రం చెయ్యాలి.

బాగా చూసుకుంటే ఈ చేప పదేళ్ళు దాటి బతుకుతుంది. ఇల్లు మారి పెంచలేని పరిస్థితి వస్తే దుకాణానికో, పెంచేవాళ్ళకో ఇవ్వండి. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ జలాశయాల్లో మాత్రం వదలొద్దు. అక్వేరియం నాచు తింటుందని తెచ్చుకున్న సక్కర్ చేప అలా బయటపడే మన చెరువుల్లో దెయ్యం చేపగా పెరిగి, జాలర్ల వలలు చింపుతోంది.