రీస్టార్ట్‌కు ముందు అయిదు నిమిషాలు

ఆఫీసులో ఒక అంతస్తు మొత్తానికి నెట్ ఆగిపోయిందంటే, సర్వర్ రూమ్‌లో ఉన్న మనిషికి ఫోన్లో అందే మొదటి సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే: "అన్నా, స్విచ్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యి." చాలాసార్లు అది పనిచేస్తుంది కూడా. పచ్చ లైట్లు వెలుగుతాయి, ఫోన్లు సద్దుమణుగుతాయి, టికెట్ మూసేస్తారు. ఆ సలహా పనిచేసినప్పుడే ఎక్కువ నష్టం జరుగుతుందన్నది నా వాదన. నెట్‌వర్క్ స్విచ్ ఎందుకు పడిపోయిందో చెప్పగల ఆధారాల్లో ఎక్కువ భాగం ఆ క్షణంలో దాని మెమరీలోనే ఉంటాయి. కరెంటు తీసేయగానే అవి తుడిచిపెట్టుకుపోతాయి. ఏ భాగం మార్చాలో తెలిసినవాళ్లు మనకు చాలామంది ఉన్నారు. ఏదీ ముట్టుకోకముందే కనిపించినదంతా రాసి పెట్టుకునేవాళ్లే తక్కువ. హార్డ్‌వేర్ లోపాలను పట్టుకోవడంలో అసలు నైపుణ్యం ఈ రెండోదే.

ఆ మెమరీలో ఏముంటుందో చూద్దాం. పరికరం ఎన్నాళ్లుగా ఆగకుండా నడుస్తోంది, కిందటిసారి ఎందుకు ఆగింది, ఏ పోర్టు ఎన్నిసార్లు పడి లేచింది, ఏ పోర్టులోకి ఎన్ని చెడిన ఫ్రేములు వచ్చాయి, లోపల వేడి ఎంత, ఫ్యాన్లు ఏ వేగంతో తిరుగుతున్నాయి, రెండు పవర్ సప్లైలలో ఏది కరెంటు ఇస్తోంది... ఇవన్నీ కన్సోల్ కేబుల్ పెట్టి నాలుగైదు షో కమాండ్లు కొడితే కనిపిస్తాయి. రీస్టార్ట్ అయ్యాక లెక్కలన్నీ సున్నా నుంచి మొదలవుతాయి. లాగ్‌లు వేరే సర్వర్‌కు పంపే ఏర్పాటు లేకపోతే అవీ పోతాయి. టైమ్ సర్వర్‌తో గడియారం కలపని పాత సిస్కో స్విచ్‌లలో ఇంకో చిక్కు ఉంది. లేచిన ప్రతిసారీ అవి 1993 మార్చి 1 అనుకుంటాయి. అందుకే లాగ్‌లో ప్రతి రీస్టార్ట్ తరవాతా తేదీలు మళ్లీ మార్చి 1 నుంచే మొదలవుతాయి. ఏ ఘటన పొద్దున జరిగిందో, ఏది నిరుడు జరిగిందో తేల్చుకోలేం. అలాంటి లాగ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

రీస్టార్ట్ వల్ల పోయేదేముందిలే అనుకునేవాళ్లకు రెండు ఉదంతాలు చెప్పాలి. 2005, 2010 మధ్య ఒకే సరఫరాదారు తయారుచేసిన కొన్ని మెమరీ భాగాలు పాడయ్యే అవకాశం ఉందని 2014లో సిస్కో బహిరంగంగా ప్రకటించింది. ఆ లోపం స్వభావమే విచిత్రం. పరికరం నడుస్తున్నంత సేపు బాగానే నడుస్తుంది. ఏళ్ల తరబడి పనిచేసిన పెట్టెను సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ కోసమో, మెయింటెనెన్స్ కోసమో ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే మాత్రం ఇక లేవకపోవచ్చు. ఈ ఒక్క సమస్య కోసం ఆ సంస్థ 65.5 కోట్ల డాలర్లు ఖర్చు కింద రాసుకోవలసి వచ్చింది. మూడేళ్లకు, 2017 ఫిబ్రవరిలో, మరో ప్రకటన వచ్చింది. క్లాక్ సిగ్నల్ ఇచ్చే ఒక భాగం సుమారు 18 నెలల వాడకం తరవాత నుంచి పాడవచ్చని, పాడైతే ఆ పరికరం ఇక బూట్ కాదని అందులో చెప్పారు. నెక్సస్ 9000 స్విచ్‌లలో కొన్ని ఆ జాబితాలో ఉన్నాయి. సిస్కో సరఫరాదారు పేరు చెప్పలేదు గానీ, ఆటమ్ సీ2000 ప్రాసెసర్లలో క్లాక్ సిగ్నల్ ఆగిపోవచ్చని ఇంటెల్ అంతకు నెల ముందే తన సవరణ పత్రంలో ఒప్పుకుంది. ఈ రెండు సందర్భాల్లోనూ పనికొచ్చిన సమాచారం ఒకటే: మన దగ్గరున్న పెట్టె మోడల్ ఏది, సీరియల్ నంబర్ ఎంత, ఎన్నాళ్లుగా నడుస్తోంది. ఇది ముందే రాసి పెట్టుకున్నవాళ్లు మార్పిడికి వరసలో నిలబడగలిగారు. రాసుకోనివాళ్లకు ఆ సంగతి పెట్టె చచ్చాకే తెలిసి ఉంటుంది.

ఇక అసలైన చిక్కు, పుండొకచోట మందొకచోట పడటం. ప్రతి ఈథర్‌నెట్ ఫ్రేము చివర నాలుగు బైట్ల సరిచూపు సంఖ్య ఉంటుంది. స్విచ్ తానుగా లెక్కకట్టి దానితో పోల్చుకుంటుంది. తేడా వస్తే ఆ పోర్టు కింద సీఆర్‌సీ ఎర్రర్ ఒకటి పెరుగుతుంది. ఫ్రేము మొత్తం అందాకే ముందుకు పంపే స్విచ్ అయితే చెడినదాన్ని అక్కడే పారేస్తుంది. డేటా సెంటర్లలో వేగం కోసం వాడే కట్-త్రూ స్విచ్ అలా ఆగదు. ఫ్రేము తల చూడగానే పంపడం మొదలుపెడుతుంది, తోక చేరేసరికి సగం వెళ్లిపోయి ఉంటుంది. అంటే చెడిన ఫ్రేము మరో స్విచ్ దాకా ప్రయాణం చేసి, అక్కడి పోర్టులో ఎర్రర్‌గా నమోదవుతుంది. ఆ రెండో స్విచ్‌లో ఎర్రర్లు చూసి దాని కేబుల్ మార్చి, మాడ్యూల్ మార్చి, చివరికి స్విచ్‌నే మార్చినవాళ్లకు ఫలితం దొరకదు. లోపం ఎక్కడో వెనక, మొదటి స్విచ్‌కు తగిలించిన కేబుల్‌లో ఉంది. రెండు స్విచ్‌లలోనూ అన్ని పోర్టుల లెక్కలు ఒకేసారి తీసి పక్కపక్కన పెట్టుకుంటే తప్ప ఇది కనబడదు. అందులో ఒకదాన్ని రీస్టార్ట్ చేశాక ఆ పోలికే కుదరదు.

పోర్టు నంబర్లు రాసుకోవడం కూడా ఇలాగే చాలా చెబుతుంది. ఎక్కువ స్విచ్‌లలో నాలుగేసి, ఎనిమిదేసి పోర్టులకు కలిపి ఒక చిప్ ఉంటుంది. 9 నుంచి 16 దాకా వరుసగా పోయాయంటే ఆ చిప్‌ను అనుమానించాలి. 3, 22, 41 ఇలా చెల్లాచెదురుగా పోతే కేబుళ్ల వైపు, ఆరుబయట గేటు కెమెరా దాకా లాగిన తీగల వైపు చూడాలి, పిడుగులు పడిన మర్నాడైతే మరీను. ఫైబర్ లింకుల్లో ముందు చూడవలసింది మాడ్యూల్ చెప్పే కాంతి బలం. ఆ అంకె 3 డెసిబెల్స్ తగ్గిందంటే కాంతి సగమైందని అర్థం. సింగిల్‌మోడ్ ఫైబర్‌లో కాంతి నడిచే దారి వెడల్పు సుమారు 9 మైక్రాన్లు. వేలిముద్రలోని జిడ్డు, కంటికి కనిపించని ఒక ధూళి రేణువు ఆ దారికి అడ్డం పడటానికి చాలు. కనెక్టర్‌ను స్కోపులో చూసి, తుడిచి, మళ్లీ చూసి అప్పుడు తగిలించాలి. పాడైపోయిందని పక్కన పడేసిన మాడ్యూల్‌కు అసలు జబ్బు మురికి కావచ్చు. (ఫైబర్ చివరను వట్టి కంటితో మాత్రం ఎప్పుడూ చూడకండి. ఆ కాంతి కంటికి కనిపించదు, హాని మాత్రం చేయగలదు.)

చూపు ఎంత అవసరమో చెప్పడానికి సిస్కో కేటలిస్ట్ 3650, 3850 స్విచ్‌ల కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. వీటిలో 48 పోర్టుల మోడళ్లకు మోడ్ బటన్ సరిగ్గా ఒకటో నంబరు పోర్టు పైన ఉంటుంది. కొన్ని ప్యాచ్ కార్డులకు కొక్కెం విరగకుండా పైన రబ్బరు తొడుగు వస్తుంది. అలాంటి కార్డును ఆ పోర్టులో గుచ్చితే తొడుగు పైకి లేచి బటన్‌ను నొక్కి పట్టుకుంటుంది. కాసేపటికి స్విచ్ తన సెట్టింగులన్నీ చెరిపేసుకుని రీస్టార్ట్ అవుతుంది. దీని మీద సిస్కో 2013లో ప్రత్యేకంగా హెచ్చరిక నోటీసే ఇచ్చింది. తొడుగు బటన్‌ను నొక్కుతోందని ఏ కమాండూ చెప్పదు. బోర్డు బాగుంది, కేబుల్ బాగుంది, సాఫ్ట్‌వేర్ బాగుంది. కొత్త స్విచ్ తెచ్చి అవే కేబుళ్లు అవే పోర్టుల్లో పెడితే అదీ అలాగే రీసెట్ అవుతుంది. ర్యాక్ ముందు నిలబడి, ఒకటో పోర్టు దగ్గర తల వంచి చూసినవాళ్లకే అది దొరుకుతుంది.

దీనికి ఎదురు వాదనలు బలమైనవే. ఆస్పత్రిలోనో, బ్యాంకులోనో నెట్‌వర్క్ పడిపోయినప్పుడు ఆధారాలు సేకరిస్తూ కూర్చుంటే ఎలా అంటారు. నిజమే, ముందు సేవ నిలబెట్టాలి. కానీ నాలుగైదు కమాండ్ల ఫలితాన్ని ఒక ఫైల్‌లోకి ఎక్కించి, లైట్ల ఫొటో ఒకటి తీయడానికి అయిదు నిమిషాలు చాలు. అంతకంటే ఎక్కువ సమయం ఎవరికి ఫోన్ చేయాలో తేల్చుకోవడానికే పోతుంది. స్పేర్ స్విచ్ ఉంది, మార్చేస్తే పోలా అని మరో మాట. మార్చండి, తప్పులేదు. మార్చినా పాతదానికి తగిలించిన యూపీఎస్, కేబుళ్లు, గది అవే కదా! మన దగ్గర ఎన్నో ఆఫీసుల్లో స్విచ్ ఉండేది ఏసీ లేని మెట్ల కింద గదిలోనే. చాలా మామూలు స్విచ్‌లకు తయారీదారు ఇచ్చే హద్దు 45 డిగ్రీలు. రామగుండం, రెంటచింతల వైపు మే నెలలో బయటి ఎండే ఆ అంకెను దాటే రోజులుంటాయి. పవర్ సప్లైలోని కెపాసిటర్ల ఆయుష్షు పెరిగిన ప్రతి 10 డిగ్రీల వేడికీ సగం తగ్గుతుందని ఇంజినీర్ల లెక్క. పాత పెట్టెలో వేడి ఎంతుందో రాసుకోకుండా కొత్తది పెడితే, రెండేళ్లకు దాన్నీ ఇలాగే మారుస్తారు.

కొన్ని లోపాలకు రీస్టార్ట్ చాలన్న మూడో అభ్యంతరానికి నేను సగం తలవంచుతాను. మెమరీలో ఒక్క బిట్ తారుమారై పారిటీ ఎర్రర్ వస్తుంది. కాస్మిక్ కిరణాల తాకిడికి కూడా అలా జరుగుతుంది, భాగంలో ఏ లోపమూ ఉండదు. అప్పుడు రీస్టార్టే సరైన వైద్యం. కాకపోతే తయారీదారుల సలహాలో రెండో భాగం కూడా ఉంది: అదే ఎర్రర్ మళ్లీ వస్తే భాగాన్ని మార్చాలి. ఇది మొదటిసారా, రెండోసారా అన్నది కిందటిసారి ఎవరైనా రాసి పెడితేనే కదా తెలిసేది?

ఈ విషయం మన ఊళ్లకు మరీ దగ్గరది. హైటెక్ సిటీలో నైట్ షిఫ్టులో కూర్చుని ఎక్కడో అమెరికాలో ఉన్న ర్యాకును చూసుకునే తెలుగు ఇంజినీర్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు స్విచ్‌ను తాకే వీలు లేదు. అవతల ఉన్న మనిషి చూసి చెప్పే మాటలు, లాగ్‌లు... వాళ్ల చేతిలో ఉన్నవి ఇవే. అలాంటి చోట "ముందు ఆఫ్ చేయించు" అని ఒత్తిడి చేసే మేనేజర్లు తమ మనిషి కళ్లకు తామే గంతలు కడుతున్నారు.

మీ సంస్థలో ఎక్కడో ఒక ర్యాక్ ఉంటే ఈ వారం మూడు పనులు చేయించండి. లాగ్‌లు వేరే సర్వర్‌కు వెళ్తున్నాయో లేదో చూడండి. స్విచ్ గడియారం ఈ రోజు తేదీ చూపిస్తోందో లేదో చూడండి. ఆపే ముందు కొట్టవలసిన కమాండ్లను ఒక కాగితం మీద రాసి ర్యాక్ తలుపుకు అంటించండి. మూడూ కలిపి ఒక పూటలో అయిపోతాయి.