సంతకము చేయుట నేర్చితిమి, సరిచూచుట నేర్వలేదు

ప్రవేశముల కాలమున మా వరంగల్లు కళాశాలలలో ఒక దృశ్యము ఏటేట కనబడును. బల్లకు ఒక ప్రక్క అధ్యాపకులు, రెండవ ప్రక్క కాగితముల సంచులతో విద్యార్థులును వారి తల్లిదండ్రులును. ఒక సంవత్సరము ఆ బల్ల వద్ద నేనును కూర్చుంటిని. ఒక విద్యార్థి తెచ్చిన ఆదాయ ధ్రువపత్రము దళసరి రంగుల కాగితముపై నుండెను. మారు మాటాడక తీసికొంటిమి. మరియొకనిది పలుచని తెల్ల కాగితముపై నల్లని అచ్చు. "అసలు పత్రము తీసికొని రా" అని త్రిప్పి పంపితిమి. అతడు మరునాడు అదే పత్రమును మంచి కాగితముపై అచ్చు వేయించుకొని వచ్చెను. పేరు అదే, సంఖ్య అదే, సంతకము అదే. ఆ బాలునితో వచ్చిన తండ్రికి రెండు దినముల కూలి పోయినది. మేము పరీక్షించినది సంతకమును కాదు, కాగితమును. ఈ విమర్శలో మొదటి దోషిని నేనే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ప్రారంభమైన మీసేవ ద్వారా తహసీల్దారు డిజిటల్ సంతకముతో ధ్రువపత్రములు ప్రజలకు అందసాగినవి. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము అట్టి సంతకమునకు చట్టబద్ధతను ఇచ్చినది. ఇది గొప్ప సంస్కరణము. కాని ఆ సంతకము సిరా గీత కాదు. అది ఒక సంఖ్య. ఫైలులో నుండును, కాగితముపై నుండదు. అచ్చులో మనకు కనబడు "డిజిటల్‌గా సంతకము చేయబడినది" అను వాక్యము సంతకమును గూర్చిన మాటయే గాని సంతకము కాదు. అట్టి వాక్యమును ఎవరైనను టైపు చేయగలరు.

ఆ సంఖ్య ఎట్లు పుట్టునో చిన్న లెక్కతో చూతము. తహసీల్దారు వద్ద 7 అను రహస్య సంఖ్య కలదనుకొందము. 3, 33 అను సంఖ్యలు అందరికిని తెలియును. పత్రము యొక్క సారము 4 అనుకొందము. 4ను ఏడుసార్లు వేసి గుణించిన 16384. దానిని 33చే భాగించిన శేషము 16. ఇదియే సంతకము. పత్రము అందుకొన్నవారు 16ను మూడుసార్లు వేసి గుణింతురు: 4096. 33చే భాగించిన శేషము 4. సరిపోయినది. మధ్యలో ఎవరైన పత్రమును దిద్ది సారమును 5గా మార్చిన, లెక్క మాత్రము 4 అనియే చెప్పును; మోసము బయటపడును. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అను ముగ్గురు కనుగొన్న పద్ధతి ఇదియే. నిజమైన వాడుకలో 33కు బదులు ఆరువందలకు పైబడిన అంకెలు గల సంఖ్య యుండును గనుక, రహస్య సంఖ్యను ఊహించి పట్టుట నేటి యంత్రములకు సాధ్యము కాదు.

ఇచట ఒక భ్రమను తొలగింపవలెను. సంతకము వేరు, గుప్తీకరణము వేరు. హనుమకొండ వేయిస్తంభముల గుడిలో రుద్రదేవుని 1163 నాటి శాసనము కలదు. దానిని లిపి తెలిసిన ఎవరైనను చదువవచ్చును; అందు రహస్యము లేదు. కాని చెక్కిన అక్షరమును మార్చిన గాటు తెలిసిపోవును. సంతకము చేసిన సందేశము అట్టిది. గుప్తీకరణము లక్క వేసిన కవరు వంటిది: లోపలిది ఇతరులకు కనబడదు, కాని పంపినవాడెవరో కవరు చెప్పదు. బ్రౌజరులో తాళపు బొమ్మ కనబడిన అంతయు క్షేమమని మన విద్యార్థులు వ్రాయుచుందురు. అది దారిలో ఎవరును చూడలేదనియు, ఆ సైటు పేరు అదియే ననియు మాత్రమే చెప్పును. ఆ సైటు మంచివారిదని చెప్పదు.

కంప్యూటర్లు ఒకదానితో నొకటి మాటలాడు వెబ్ సేవలలో ఈ రెండును కావలెను. ఇందుకు ఆధార్ ధ్రువీకరణ మంచి ఉదాహరణము. రేషను దుకాణములో వేలిముద్ర వేసినపుడు ఆ సమాచారము, తీసిన కాలముతో సహా, ఆ ఒక్కసారికే పుట్టిన తాళపుచెవితో గుప్తీకరింపబడును. ఆ తాళపుచెవి ఆధార్ సంస్థ యొక్క బహిరంగ సంఖ్యతో మరల గుప్తీకరింపబడును. సందేశమును పంపు సంస్థ దానిపై సంతకము చేయును. అవును, కాదు అను జవాబుపై ఆధార్ సంస్థ సంతకము చేయును. కాలము లోపలనే యుండుట చేత పాత సందేశమును దాచి మరల పంపువాడు పట్టుబడును. ఇంత వరకు ఏర్పాటు మెచ్చదగినది.

అయితే జవాబు అందుకొన్న కంప్యూటరు ఆ సంతకమును సరిచూచునా? "అవును" అను మాట మాత్రము చదివి ముందుకు సాగునా? సరిచూడకున్నను సేవ చక్కగనే నడచును. ఏ లోపమును కనబడదు. ఇందే ప్రమాదము కలదు. సంతకము చేయని సందేశము వెంటనే తిరస్కరింపబడును గనుక ప్రోగ్రామరు ఆ భాగమును శ్రద్ధగా అమర్చును. సరిచూచుట మానివేసిన అడుగువారు లేరు.

సరిచూచుటలోను మెలకువ కావలెను. సందేశములో సంతకము చేసిన భాగమును ఒక మూలకు జరిపి, దాని స్థానమున దొంగ భాగమును పెట్టవచ్చునని 2005లో మెకింటోష్, ఆస్టెల్ అను పరిశోధకులు చూపిరి. ఒక ప్రోగ్రాము మూలనున్న అసలు భాగమును చూచి "సంతకము సరియే" అనును; మరియొక ప్రోగ్రాము దొంగ భాగమును చదివి పని చేయును. గుప్తీకరణమునకును ఇట్టి గతియే పట్టినది. జర్మనీలోని బోహుమ్ విశ్వవిద్యాలయమున యాగర్, సొమొరొవ్‌స్కీ అనువారు 2011లో, రహస్య సందేశమును కొంచెము కొంచెముగా మార్చి పంపి, సర్వరు ఇచ్చు తప్పు జవాబులను బట్టియే లోపలి విషయమును తాళపుచెవి లేకుండ రాబట్టిరి. మార్పు జరిగెనా అని చూడక ముందే విప్పుట అచటి దోషము.

సరిచూచినది ఒకటి, నమ్మినది మరియొకటి. ప్రవేశపు బల్ల వద్ద మేము చేసినదియు ఇదియే కదా! సంతకము ఫైలులో నున్నది. మేము కాగితమును నమ్మితిమి.

బ్యాంకులు ఈ విషయమున ముందున్నవి. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదులో నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ, బ్యాంకుల మధ్య సందేశముల కొరకు 2001లో ఒక వ్యవస్థను ప్రారంభించి, సంతకమును గుప్తీకరణమును అందు చేర్చినది. కోట్ల రూపాయలు కదలు చోట సంతకమును చూచి మెచ్చుకొని విడిచిపెట్టుట కుదరదు. కూలివాని కుమారుని ఉపకార వేతనమునకు మాత్రము ఆ నియమము అక్కరలేదా?

చేయవలసినది కష్టమైనది కాదు. ఆధార్ పత్రముపైని క్యూఆర్ కోడులో వివరములును, వాటిపై సంతకమును కలిసియే యున్నవి. 2021లో ఇచ్చిన కోవిడ్ టీకా పత్రములును అట్టివే. వాటిని తెల్ల కాగితముపై అచ్చు వేసినను సంతకము చావదు. తగిన ప్రోగ్రాము గల ఫోనుతో సరిచూడవచ్చును. అన్ని ధ్రువపత్రములును ఇట్లే రావలెను. వెబ్ చిరునామా మాత్రమే గల కోడు దీనితో సమానము కాదు: దొంగ పత్రముపైని కోడు దొంగ సైటుకే దారి చూపును. అట్టి పత్రము వచ్చినపుడు ప్రభుత్వ సైటు చిరునామాను మనమే టైపు చేసి, పత్రము సంఖ్యను అచట చూడవలెను.

మన పాఠ్యపుస్తకములు సంతకము చేయు విధానమును పుటల కొలది వర్ణించి, సరిచూచుటను ఒక్క వాక్యములో ముగించును. ప్రయోగశాలలో విద్యార్థి చేత మొదట దిద్దిన పత్రమును పరీక్షింపజేసి, తిరస్కరింపజేయవలెను. తప్పును పట్టలేని పరీక్ష పరీక్ష కాదని రసాయనశాస్త్రములో మొదటి సంవత్సరముననే నేర్పుదుము. ఆ పాఠము ఇచటను వర్తించును.

మా బల్ల మీద ఇపుడు ఒక కంప్యూటరు నుంచితిమి. తెల్ల కాగితము తెచ్చినవానిని త్రిప్పి పంపుట మానితిమి. రంగుల కాగితము తెచ్చినవానిని ఊరక నమ్ముటయు మానితిమి.