మజిలీ మజిలీకీ లెక్క రాసిన మనిషి

తెలుగులో దారి రాయడం నేర్చుకోవాలనుకునేవారు ముందుగా చదవాల్సింది ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. ఆనాటి దేశస్థితికి అద్దం పట్టిందని దాన్ని అందరూ మెచ్చుకుంటారు. నాకు అంతకంటే ముందు అందులోని పనితనం కనిపిస్తుంది. 1830 మే 18, మంగళవారం నాడు చెన్నపట్టణంలో బయలుదేరాడాయన. తిరుపతి, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ జగన్నాథం చూసుకుని, గంజాం దిగి, మన శ్రీకాకుళం, విశాఖపట్నం సీమలు దాటి 1831 సెప్టెంబరు 3కి తిరిగి చెన్నపట్టణం చేరాడు. వెంట దాదాపు వందమంది పరివారం. వాళ్ల తిండీ నీడా చూసుకుంటూనే పదిహేను నెలలకు పైగా దారి లెక్క రాస్తూ వచ్చాడు.

ఆయన మజిలీ ఒకటి విప్పి చూడండి. మొదట తేదీ. తర్వాత పొద్దున ఎప్పుడు కదిలారు, ఎన్ని కోసులు నడిచారు, ఎన్ని గంటలకు ఏ ఊళ్లో దిగారు. ఆపైన కాళ్ల కింది నేల సంగతి: రేగడా, రాయా, ఇసకా, అడవి దారా, మధ్యలో వాగులున్నాయా. చివరికి ఊరు: అంగళ్లున్నాయా, సరుకులు దొరుకుతాయా, నీటి వసతి ఎలా ఉంది, దిగడానికి సత్రమో చావడో ఉందా. చిన్న ఊరైతే ఇదంతా నాలుగైదు వాక్యాల్లో తేలిపోతుంది. పెద్ద క్షేత్రమో పట్నమో వస్తే మాత్రం కలం ఆగుతుంది. గుడి, జనం, పన్నులు, ఆచారాలు పేజీల కొద్దీ సాగుతాయి. అవి అయ్యాక మళ్లీ కోసుల లెక్క మొదలు.

కోసునూ గంటనూ పక్కపక్కనే పెట్టడంలో ఉంది అసలు నేర్పు. కోసంటే సుమారు రెండు మైళ్లంటారు గానీ, సీమ మారితే అదీ మారేది. గడియారం గంట అలా మారదు. మామూలుగా మూడు గంటలు పట్టే దూరానికి అయిదు గంటలు పట్టిందంటే ఆ దారి చెడ్డదైనా అయ్యుండాలి, ఆ కోసులు పెద్దవైనా అయ్యుండాలి. కింద నేల ఎలాంటిదో కూడా రాసి ఉంది కాబట్టి రెంటిలో ఏదో చదివేవాడు తేల్చుకోగలడు. ఒక లెక్క పొరపాటైతే పక్కనున్న లెక్క పట్టిస్తుంది. ఇది ఊరికే అబ్బిన అలవాటు కాదనుకుంటాను. ఆయన చెన్నపట్టణం సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటరు. సాక్షి నోట వచ్చిన మాటను పెంచకుండా, తుంచకుండా జడ్జీకి వినిపించడమే నిత్యం చేసిన పని.

ఇంటికొచ్చాక తీరిగ్గా తలచుకుని రాసిన పుస్తకం కాదిది. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి దారిలోంచి రాసి పంపిన సంగతులు. రేపటికల్లా నిన్నటి ఊరు మసకబారుతుందని తిరిగిన ప్రతివాడికీ తెలుసు. ఆయన ఆ అవకాశమే ఇవ్వలేదు. వీరాస్వామయ్య 1836లో పోయాడు. రెండేళ్లకు, 1838లో, ఆ పిళ్లైగారే దాన్ని అచ్చువేయించారు. దిగవల్లి వేంకట శివరావు చక్కని వివరణలతో 1941లో మళ్లీ వెలువరించారు.

ఈ పద్ధతి విలువ మా ఉత్తరాంధ్రలో బాగా తెలుస్తుంది. ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా సుమారు రెండు వందల కిలోమీటర్లు. ఇచ్ఛాపురం దగ్గర బాహుదా, ఆపైన మహేంద్రతనయ, వంశధార, శ్రీకాకుళంలో నాగావళి, అది దాటాక చంపావతి. వంశధార, నాగావళి రెండూ 250 కిలోమీటర్ల చిల్లర పొడవున్న నదులే. కొండల్లో గట్టి వాన పడిందంటే ఇక్కడ ఏరు పొంగడానికి ఎంతోసేపు పట్టదు. వేసవిలో మోకాలి లోతున దాటిన రేవు వానాకాలంలో పడవకూ లొంగదు. అలాంటి చోట తేదీ కూడా దారిలో భాగమే. సెప్టెంబరు మొదట్లో చెన్నపట్టణం చేరాడంటే వీరాస్వామయ్య మన ఏర్లను వానల్లోనే దాటి ఉండాలి. వంతెనలు లేని రోజుల్లో ఆ రాత వెనకొచ్చే యాత్రికుడికి ఎంత ఆసరానో ఊహించండి. ఊళ్ల పేర్ల సంగతీ అంతే. మావైపు వలసలూ పేటలూ అడుగడుక్కీ ఉంటాయి. పేరొక్కటే రాసుకుంటే ఏ పేటో తేలదు. ముందు మజిలీ నుంచి ఎన్ని కోసులో ఉంటే ఇక తడబాటు లేదు.

ఒక్క లోటు చెప్పాలి. ఆయన పల్లకీలో సాగిన మనిషి. రాయి గుచ్చుకున్నది బోయీల పాదాలకి. వాళ్లే రాసి ఉంటే దారి లెక్క ఇంకోలా ఉండేదేమో. అయినా నేల సంగతి ఇంత పట్టుగా రాశాడంటే మోసేవాళ్ల కష్టం ఆయన కంటపడిందనే నమ్ముతాను. భాష కూడా మాట్లాడుకునే తెలుగుకి దగ్గరిది. మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడడానికి ఏడెనిమిది దశాబ్దాల ముందే దారి వివరాలు చెప్పడానికి ఆ భాష చాలునని ఈ పుస్తకం చూపించింది.

ఇప్పుడు ఫోను మనం నడిచిన గీతను అడుగు తప్పకుండా గీస్తుంది. ఎక్కడ ఎంతసేపు ఆగామో కూడా చెబుతుంది. అది వద్దనను, ఆ దూరాలు కోసుల కంటే నిక్కమైనవి. కానీ ఆ ఆగిన చోట మంచినీళ్లున్నాయో లేదో, ఆడవాళ్లు రాత్రి ధైర్యంగా దిగగలరో లేదో ఆ గీతలో ఉండదు. అది మనిషి రాయాల్సిందే.

ఈసారి ఇచ్ఛాపురం నుంచి విజయనగరానికి బయలుదేరేవారు సంచిలో ‘కాశీయాత్ర చరిత్ర’ పెట్టుకోండి. రాత్రి పడుకోబోయే ముందు నాలుగు వాక్యాలు రాయండి: తేదీ, దూరం, దారి, దిగిన చోటు. రాసి, ఆ దారిన రాబోయే ఒకరికి పంపండి.